సాలులో పట్టే ట్రాక్టరు

నాలుగైదెకరాల రైతు చిన్న ట్రాక్టరు కొనాలా, వద్దా? కొంటే ఏది కొనాలి? బ్రోచరులోని హెచ్‌పీ కన్నా ముందు చూసుకోవాల్సిన లెక్కలు మన చేలోనే ఉన్నాయి.

పత్తి గింజ పెట్టిన ఇరవై, ఇరవై అయిదు రోజులకు గరిక, తుంగ మొక్కతో పోటీపడి లేస్తాయి. వాన రెండు రోజులు తెరిపిస్తే నేల పదునుకొస్తుంది. గుంటక తోలాల్సింది ఆ రెండు మూడు రోజుల్లోనే. ఆ తర్వాత మళ్ళీ వాన పడితే కాలు పెట్టలేం, పడకపోతే నేల గట్టిపడి గుంటక దిగదు. ఊళ్ళో పెద్ద ట్రాక్టర్లు నాలుగైదు ఉన్నా అప్పుడు అక్కరకు రావు. వాటి చక్రాల మధ్య దూరం మూడడుగుల సాలుకు కుదరదు. అరక కోసం వెళితే ఊరంతటికీ మిగిలింది రెండో మూడో జతలు, వాటి ముందు పదిమంది వరస. కూలీలను పెడదామంటే అందరి చేలల్లోనూ అదే రోజు అదే పని.

మినీ ట్రాక్టరు మన పల్లెల్లోకి వచ్చింది ఈ ఖాళీలోకి. పెద్ద ట్రాక్టరు దుక్కి దున్ని వెళ్ళిపోతుంది. గింజ మొలిచాక చేలోకి దిగి కలుపు తీసేది, మట్టి ఎగదోసేది, చెట్ల మధ్య తిరిగి మందు కొట్టేది ఒకప్పుడు ఎద్దులు, మనుషులు. ఎద్దుల్ని మేపే ఓపిక, మేపడానికి గడ్డి, వెనక నడిచే మనిషి మూడూ తగ్గిపోయాయి. ఆ పని ఇప్పుడు 11 నుంచి 30 హెచ్‌పీ మధ్య ఉన్న చిన్న బళ్ళది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో 1 హెక్టారు. అంటే రెండున్నర ఎకరాల లోపు. ఆ కమతం కూడా ఒకే చోట ఉండదు. చెరువు కింద ఎకరం, బావి కింద ఎకరం, గుట్ట పక్కన అరెకరం. 50 హెచ్‌పీ ట్రాక్టరు అలాంటి మడిలో తిరిగి మూలలకు చేరేలోపు సగం టైము తిప్పుకోవడానికే పోతుంది, గట్లు విరుగుతాయి. అయినా మన రైతులు చాలామంది కొనేటప్పుడు పెద్ద బండి వైపే చూస్తారు. ఇంటి ముందు పెద్ద ట్రాక్టరు నిలబడితే దానికో మర్యాద ఉంది, సంబంధాలు చూసేటప్పుడూ ఆ మాట వస్తుంది. ఆ గౌరవం తప్పని నేను అనను. కానీ ఆర్నెల్ల కిస్తీ కట్టే రోజు ఆ గౌరవం తోడు రాదు.

జపాను మళ్ళ నుంచి జహీరాబాదు దాకా

చిన్న ట్రాక్టరు పుట్టిల్లు జపాను. అక్కడి వరి మళ్ళు మన మళ్ళ లాగే చిన్నవి. అందులో తిరగడానికి కుబోటా, యన్మార్, ఇసెకీ లాంటి కంపెనీలు తేలికపాటి బళ్ళు తయారుచేశాయి. 1969లో కుబోటా 21 హెచ్‌పీ ట్రాక్టరును అమెరికాకు పంపింది. అయిదు పదెకరాల ఇళ్ళ స్థలాలు, పండ్ల తోటలు, గుర్రాల శాలలున్న అమెరికన్లు దాన్ని ఎంతగా ఇష్టపడ్డారంటే, కాంపాక్ట్ ట్రాక్టరు అనేది అక్కడ ఒక ప్రత్యేక తరగతిగానే నిలిచిపోయింది.

మన దేశంలోనూ చిన్న బండి కొత్తదేమీ కాదు. స్వదేశీ పరిజ్ఞానంతో తయారై 1974లో బయటికొచ్చిన స్వరాజ్ 724 పాతిక హెచ్‌పీ దరిదాపుల్లోదే. తర్వాతి దశాబ్దాల్లో ఇసుక, ఇటుక, వడ్ల బస్తాల రవాణా ట్రాక్టరుకు ప్రధాన ఆదాయమైపోయింది. దాంతో హెచ్‌పీ పెరుగుతూ పోయింది, చిన్న బండి వెనకబడింది. మళ్ళీ ఊపందుకున్నది గత పదిహేనేళ్ళలో. మహీంద్రా యువరాజ్ 215, కుబోటా నియోస్టార్, వీఎస్‌టీ శక్తి, జాన్ డీర్ 3028, స్వరాజ్ కోడ్, గుజరాత్ నుంచి కెప్టెన్... ఇలా చాలా పేర్లు రైతుల నోట వినపడుతున్నాయి. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మహీంద్రా ఆవిష్కరించిన ఓజా ట్రాక్టర్లు జపాను బృందంతో కలిసి రూపొందించినవి. వాటిని తయారుచేస్తున్నది మన జహీరాబాదులో. 20 నుంచి 40 హెచ్‌పీ వరకు ఉన్న ఆ బళ్ళు సంగారెడ్డి జిల్లా నుంచి ప్రపంచానికి వెళ్తున్నాయి.

టేపు పట్టుకుని చేలోకి

కొనే ముందు వెళ్ళాల్సింది షోరూముకు కాదు, టేపు పట్టుకుని చేలోకి. మీ పంటలో సాలుకు సాలుకు మధ్య ఎంత దూరం ఉందో కొలవండి. గింజ పెట్టిన రోజున కాదు, కొమ్మలు విచ్చుకున్నాక కొలవండి. మూడడుగుల అచ్చు తోలిన పత్తిలో నలభై రోజులకు మిగిలే ఖాళీ రెండడుగులే.

చిన్న ట్రాక్టరు చేలో రెండు రకాలుగా నడుస్తుంది. ఒకటి, రెండు సాళ్ళ మధ్య ఖాళీలో బండి మొత్తం పట్టడం. ఇందుకు బండి వెడల్పుకు అటూ ఇటూ కనీసం జానెడు జాగా ఉండాలి. అరటి, మల్బరీ, కంది లాంటి ఎడం పంటల్లో, బత్తాయి, మామిడి, జామ, ఆయిల్‌పామ్ తోటల్లో ఇది సాధ్యం. రెండోది, ఒక సాలును కడుపు కింద పెట్టుకుని, చక్రాలు అటు సాలు మధ్యలో ఒకటి, ఇటు సాలు మధ్యలో ఒకటి నడవడం. దీనికి రెండు చక్రాల మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకు, సరిగ్గా మీ సాలు ఎడమంత ఉండాలి. మూడడుగుల పత్తి అంటే 90 సెంటీమీటర్లు. చాలా చిన్న బళ్ళకు చక్రం డిస్కును తిప్పి బిగిస్తే ఈ దూరం మారుతుంది. మీరు చూస్తున్న బండి 90కి వస్తుందా రాదా అన్నది అడిగి, బిగించి చూపించమనాలి.

కడుపు కింద సాలును దాటించే పద్ధతికి ఒక గడువు ఉంది. ఇరుసు కింద నుంచి నేలకు పావు మీటరు, మహా అయితే దానికి కాస్త పైన ఎడం ఉంటుంది. మొక్క అంతకు మించి ఎదిగాక పోనిస్తే పూత, గూడ రాలిపోతాయి. పత్తిలో అది రెండు, మూడు పాట్లకు సరిపోతుంది. ఆ తర్వాత సాలు మధ్యలో పట్టేంత సన్న బండి ఉండాలి, లేదా అరకో పవర్ వీడరో దిక్కు. స్వరాజ్ కోడ్ లాంటి 11 హెచ్‌పీ బండి మొత్తం వెడల్పు 89 సెంటీమీటర్లు. మూడడుగుల సాలులో అది మొలకప్పుడే అంచులకు తగులుతుంది, కొమ్మ విచ్చుకున్నాక అసలే పట్టదు. నాలుగడుగుల సాలులోనైతే కొమ్మలు విచ్చుకునే దాకా తిరుగుతుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ట్రాక్టరు కొన్నాక సాలును దానికి సరిచేయడం కుదరదు, వచ్చే ఏడాది దాకా ఆగాలి. కొనాలని నిర్ణయించుకున్న రైతు ముందు ఏడాదే అచ్చు ఎడం మార్చి పెట్టుకుంటే సగం సమస్య తీరినట్టే. సాలు చివర తిప్పుకునే జాగా కూడా వదలాలి. గట్టు వరకూ మొక్కలు పెట్టి, తర్వాత తిరగడం లేదని బండిని తిట్టుకునేవాళ్ళు చాలామంది. వెనక పనిముట్టుతో కలిపి చిన్న బండికైనా మూడు, నాలుగు మీటర్లు కావాలి.

వరి ఒక్కటే వేసే రైతుకు నా సలహా వేరు. దమ్ము చేయడానికి ఇనుప చక్రాలు వేసుకుని చిన్న బండి మడిలోకి దిగుతుంది, పెద్ద బండి కూరుకుపోయే దిగబడు మళ్ళలో దాని తేలికదనం మేలు కూడా చేస్తుంది. కానీ వరిలో ట్రాక్టరు పని ఏడాదికి కొన్ని రోజులే. దుక్కి, దమ్ము అయ్యాక కోతకు హార్వెస్టరు వస్తుంది. ఆ కొన్ని రోజుల కోసం సొంత బండి వద్దు, కిరాయి చాలు.

హెచ్‌పీ అనే అంకె

బ్రోచరులో పెద్దక్షరాల్లో ఉండేది ఇంజను హెచ్‌పీ. రోటవేటరును, స్ప్రేయరును తిప్పేది ఇంజను కాదు, వెనకాల తిరిగే పీటీవో షాఫ్టు. ఇంజను నుంచి అక్కడికి చేరేసరికి కొంత శక్తి గేర్లలో, ఆయిల్లో ఖర్చయిపోతుంది. 24 హెచ్‌పీ బండి పీటీవో దగ్గర 20 లోపే ఇవ్వొచ్చు. అందుకే రెండు బళ్ళను పోల్చేటప్పుడు పీటీవో అంకెనే అడగాలి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదిక ఇస్తుంది. పీటీవో శక్తి, డీజిల్ ఖర్చు, లిఫ్టు మోసే బరువు, బ్రేకు పనితనం అన్నీ అందులో ఉంటాయి. డీలరును ఆ నివేదిక చూపించమని అడిగే హక్కు మీకుంది. అడిగే రైతులు తక్కువ కాబట్టే వాళ్ళు చూపించడం మానేశారు.

పదిహేను, ఇరవై హెచ్‌పీకి మూడడుగుల రోటవేటరు, పాతికకు నాలుగడుగులది మామూలు జోడీ. దీనిలో ఒక మెలిక ఉంది. రోటవేటరు వెడల్పు రెండు టైర్ల వెలుపలి అంచుల్ని కప్పేలా ఉండాలి. లేకపోతే దున్నిన నేల మీద మన టైరే గాడి పెట్టి వెళ్తుంది. అలాగని పెద్ద రోటవేటరు తగిలిస్తే ఇంజను మూలుగుతుంది, పొగ నల్లబడుతుంది, క్లచ్చి త్వరగా అరుగుతుంది.

వేగం లెక్క కూడా తెలిసి ఉండాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మూడడుగుల, అంటే 90 సెంటీమీటర్ల రోటవేటరుతో ఎకరం ఒకసారి పూర్తి కావాలంటే బండి నాలుగున్నర కిలోమీటర్లు తిరగాలి. రోటవేటరు వేసినప్పుడు గంటకు మూడు కిలోమీటర్లకు మించి పోనిస్తే మట్టి సరిగా పగలదు. కాబట్టి ఎకరానికి గంటన్నర, మలుపులు కలిపితే దాదాపు రెండు గంటలు. పెద్ద ట్రాక్టరు ఆ పని గంటలోపు చేస్తుంది. ఈ తేడాను ముందే ఒప్పుకుని కొనాలి. అదే పని 60 సెంటీమీటర్ల పవర్ టిల్లరుతో చేస్తే దాని వెనక ఏడు కిలోమీటర్లకు దగ్గరగా నడవాలి. చిన్న ట్రాక్టరు మీద కూర్చుని చేస్తాం. యాభై దాటిన రైతుకు ఆ ఒక్క తేడా మిగతా అన్ని లెక్కల్నీ మార్చేస్తుంది.

బరువు గురించి ఎవరూ అడగరు, అది కూడా అడగాలి. 50 హెచ్‌పీ ట్రాక్టరు రెండు టన్నుల బరువు ఉంటుంది. కుబోటా 24 హెచ్‌పీ నియోస్టార్ 630 కిలోలు, యువరాజ్ 215 ముప్పావు టన్ను పైచిలుకు. తేలిక బండి నేలను తొక్కి అంతగా గట్టిపరచదు. తోటల్లో పైపైన పాకే పీచు వేళ్ళకు అదే కావాలి. కానీ బరువు తక్కువైతే పట్టూ తక్కువే. ఎర్ర చెలకలో చక్కగా లాగిన బండి నల్లరేగడిలో లోతు గొర్రు వేసేసరికి అక్కడే చక్రం తిప్పుకుంటూ నిలబడిపోతుంది. నల్లరేగడి రైతులు నాలుగు చక్రాలూ లాగే బండి తీసుకోవడం మంచిది. దానికి ఖర్చు ఎక్కువ, ముందు ఇరుసు మరమ్మతు కూడా ఖరీదే. తారు రోడ్డెక్కగానే ఫోర్‌వీల్ లీవరు తీసేయాలి. తీయకుండా నడిపితే ముందు టైర్లు చూస్తుండగానే నున్నబడిపోతాయి.

తోటల్లో మందు కొట్టే ట్యాంకు పెట్టుకునేవాళ్ళు లిఫ్టు సంగతి చూసుకోవాలి. 200 లీటర్ల నీళ్ళంటే 200 కిలోలు, దానికి పంపు, ఫ్రేము, ఫ్యాను బరువు. లిఫ్టు 750 కిలోలు మోస్తుందని రాసి ఉన్నా ఆ అంకె లింకు చివర దగ్గరిది. ట్యాంకు అక్కడి నుంచి ఇంకా వెనక్కి వేలాడుతుంది కాబట్టి భారం పెరుగుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. ముందు బంపరుకు బరువులు తగిలించకుండా అలాంటి ట్యాంకుతో మిట్ట ఎక్కకూడదు.

గంటల లెక్క

ఇప్పుడు డబ్బు మాట. మినీ ట్రాక్టర్ల ధరలు మోడలును బట్టి సుమారు మూడు లక్షల నుంచి ఆరు లక్షల పైవరకు ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు తగ్గింది. అంతకు ముందు కొటేషను తీసుకున్నవాళ్ళు కొత్తది అడిగి తీసుకోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి నేను ఉదాహరణకు పట్టుకున్న అంకెలు, మీ ఊరి అంకెలు పెట్టి మీరు వేసుకోండి. బండి నాలుగున్నర లక్షలు, రోటవేటరు, గొర్రు, గుంటక కలిపి లక్ష. మొత్తం అయిదున్నర లక్షలు. పదేళ్ళ తర్వాత లక్షన్నరకు అమ్ముడుపోతే ఏటా తరుగు 40,000. పదేళ్ళ సగటు పెట్టుబడి మీద 10 శాతం వడ్డీ అనుకుంటే ఏటా 35,000. బీమా, సర్వీసింగు, టైర్లు, మరమ్మతులకు 15,000. బండి షెడ్డు నుంచి కదలకపోయినా ఏటా 90,000 పోతుంది. బయట కిరాయి గంటకు వెయ్యి, మన డీజిల్ ఖర్చు గంటకు 200 అనుకుంటే, సొంత బండి నడిపిన ప్రతి గంటా మనకు మిగిలేది 800. తొంభై వేలు పూడాలంటే ఏడాదికి 112 గంటలు బండి పని చేయాలి.

నాలుగెకరాల పత్తి రైతుకు ఎన్ని గంటల పని ఉంది? రెండుసార్లు రోటవేటరుకు 16 గంటలు, అయిదు పాట్లూ బండితోనే గుంటక తోలగలిగినా 20 గంటలు. మొత్తం 36. మూడో వంతు కూడా రాలేదు. అదే నాలుగెకరాల్లో బత్తాయి తోట ఉంటే? నెలనెలా చెట్ల మధ్య దున్నడం, గడ్డి కొట్టడం కలిపి ఏడాదికి 60 గంటలు. మందు కొట్టడానికి ముప్పై. పశువుల ఎరువు తోలడం, కాయ బయటికి చేర్చడం మరో ఇరవై. మొత్తం 110. అంటే దాదాపు సరిపోయింది. భూమి అంతే, పంట మారితే తీర్పు మారింది. ఎన్ని ఎకరాలుంటే ట్రాక్టరు కొనొచ్చు అని అడగడం కన్నా, ఎన్ని గంటల పని ఉంది అని అడగడమే సరైన ప్రశ్న. ఇంజినీర్లు ట్రాక్టరు ఆయుష్షును 10,000 గంటలుగా, ఏటా వెయ్యి గంటలుగా లెక్కేస్తారు. మన చిన్న రైతు దాంట్లో పదో వంతు వాడితే చాలు, గట్టెక్కుతాడు. ఆ పదో వంతు కూడా లేకపోతేనే మునుగుతాడు.

పత్తి, మిర్చి, మొక్కజొన్న రైతులు కొనొద్దనే అంటున్నానా? ఒంటరిగా కొనొద్దంటున్నాను. పక్క పక్క చేలున్న ముగ్గురు అన్నదమ్ములో, బావమరుదులో కలిసి పన్నెండెకరాలకు ఒక బండి కొంటే 108 గంటలు అవుతుంది. పాలు పంచుకోవడంలో తగాదాలొస్తాయని భయపడతారు. రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పదునున్న రోజున ముందు ఎవరి చేలోకి అన్నది. దాన్ని కొన్న రోజే నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఈసారి నీది ముందు, వచ్చే పాటుకు నాది ముందు అని వంతు పెట్టుకోవాలి. ప్రతి ఒక్కరూ వాడిన గంటలు డ్యాషుబోర్డు మీద గంటల మీటరు చూసి రాయాలి, గంటకు ఇంతని మరమ్మతుల డబ్బాలో వేయాలి. ఇల్లు వేరుపడ్డ అన్నదమ్ములు కూడా లెక్క రాతలో ఉంటే కలిసి నడవగలరు.

లెక్కకు అందని లాభం ఒకటుంది, అది అదను. పదునున్న రోజున బండి మన చేతిలో ఉంటే ఒక పాటు కలుపు మందు తప్పుతుంది, ఇరవై మంది కూలీలు తప్పుతారు. వానల మధ్య ఎడం తక్కువగా ఉండే ప్రాంతాల్లో ఈ ఒక్కటే కొనుగోలును సమర్థించవచ్చు. అయితే దాన్ని ధైర్యంగా మీ లెక్కలో రూపాయల్లో రాయండి. ఊహలో ఉంచుకుని అప్పు చేయకండి.

సబ్సిడీ కూడా కొంత భారం తీస్తుంది. వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు ధరలో 50 శాతం వరకు, మిగిలినవారికి 40 శాతం వరకు, గరిష్ఠ పరిమితికి లోబడి సాయం ఉంది. ప్రతి ఏటా, ప్రతి మండలానికీ అందేది ఒకేలా ఉండదు. తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారిని (ఏఈవో), ఆంధ్రాలో రైతు సేవా కేంద్రాన్ని అడిగి, మంజూరు కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు కట్టండి. వస్తుందిలే అన్న నోటిమాట మీద బండి దించుకున్నవాళ్ళకు ఆ తేడా మొత్తం అప్పుగా మిగులుతుంది.

షోరూములో

"అన్నా, ఇంకో అరవై వేలేస్తే పై మోడలొస్తది" అనే మాట ఏ షోరూములోనైనా వినిపిస్తుంది. "తమ్ముడూ, ముందు దీన్ని మా చేలో తిప్పి చూపియ్యి" అనండి. డెమో కంపెనీ చదును చేసుకున్న స్థలంలో కాదు, మీ మడిలో, మీ పదునులో, మీరు కొనబోయే పనిముట్టు తగిలించి, పూర్తి లోతుకు దించి కనీసం అరెకరం జరగాలి. డెమో రోజున మీ కుటుంబంలో బండి నడపబోయేది ఎవరో వాళ్ళనే ఎక్కించండి. కాళ్ళు క్లచ్చికి అందుతున్నాయా, లీవర్లు మోకాలికి తగులుతున్నాయా, సింగిల్ సిలిండరు ఇంజను అదురు గంటసేపు భరించగలరా అన్నది చూడాలి. ఒక సిలిండరు బండి చౌక, మరమ్మతు తేలిక. మూడు సిలిండర్లది మెత్తగా నడుస్తుంది, ఖర్చు ఎక్కువ. రోజుకు రెండు గంటలకు మించి తోటలో తిరిగేవాళ్ళు మూడు సిలిండర్లకే వెళ్ళాలని నా అభిప్రాయం.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మెకానిక్కు ఎంత దూరంలో ఉన్నాడన్నది. చిన్న బళ్ళ భాగాలు పెద్ద బళ్ళ భాగాల్లా ప్రతి మండల కేంద్రంలో దొరకవు. క్లచ్చి ప్లేటు, ఆయిల్ ఫిల్టరు, ఫ్యాను బెల్టు మీ పట్నంలో ఇవాళ దొరుకుతాయేమో డీలరును కాదు, పక్కనున్న స్పేరు పార్టుల కొట్టును అడగండి. రెండేళ్ళుగా అదే మోడలు నడుపుతున్న రైతు ఇంటికెళ్ళి అరగంట మాట్లాడితే బ్రోచరు చెప్పనిది తెలుస్తుంది. కిస్తీ ఆర్నెల్లకు పెట్టించుకోండి, అది పంట చేతికొచ్చే నెల తర్వాత పడేట్టు చూసుకోండి. బ్యాంకు ఆలస్యం చేస్తుందని ప్రైవేటు ఫైనాన్సుకు వెళితే వడ్డీ తేడాను పదేళ్ళకు లెక్కేసి చూడండి.

పాత బండి కొనేవాళ్ళకు రెండు మాటలు. గంటల మీటరును నమ్మకండి, క్లచ్చి పెడలు రబ్బరు అరుగుదల చూడండి. పనిముట్టును పైకెత్తి ఇంజను ఆపి పది నిమిషాలు ఆగండి, అది కిందికి జారుతుంటే హైడ్రాలిక్కుకు ఖర్చు ఉంది. ఆర్సీ మీద ఫైనాన్సు పేరు ఇంకా ఉంటే దాన్ని తీయించే పూచీ అమ్మేవాడిదే అని కాగితం మీద రాయించుకోండి.

కొన్నాక మొదటి 50 గంటల సర్వీసు మానకూడదు. కొత్త గేర్లు రాపిడికి విడిచిన ఇనుప రజను ఆ ఆయిల్లోనే ఉంటుంది. వేసవి దుమ్ములో రోజూ ఎయిర్ ఫిల్టరు, పత్తి చేలో రోజూ రేడియేటరు జాలీ దులపాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గర కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, చూసుకోవడం అక్కడ రైతులకు నేర్పుతారు. ఇంట్లో చదువు ఆపిన కుర్రాడుంటే బండి కొనే ముందే అక్కడికి పంపండి.

ప్రాణం మాట

చిన్నదని బండిని తేలిగ్గా తీసుకోవద్దు. తిరుగుతున్న పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచో, చీర కొంగో, మెడలో తువ్వాలో అందులో పడితే చెయ్యి చాచే లోపే అయిపోతుంది. దాని మీద వచ్చే ప్లాస్టిక్కు తొడుగును అడ్డమని తీసి పారేస్తారు. అది పగిలితే కొత్తది కొనండి, దానికయ్యే ఖర్చు ఒక డీజిల్ ట్యాంకుకు మించదు. గొలుసు కట్టి ఏదైనా లాగాల్సి వస్తే కింద హుక్కుకే కట్టాలి. ఇరుసు కన్నా పైన కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. అది రెండు సెకన్ల పని. రోడ్డెక్కేటప్పుడు రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపి కొక్కెం వేయాలి. లేకపోతే ఒక్క చక్రమే పట్టి బండి గిర్రున తిరుగుతుంది.

ఇక ట్రాలీ. 2018 ఏప్రిల్‌లో, మళ్ళీ జూన్‌లో నల్గొండ, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు కాల్వల్లో పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పనికి వెళ్తున్న ఆడవాళ్ళే. వ్యవసాయ ట్రాక్టరు ట్రాలీ సరుకు కోసం. అందులో మనుషుల్ని ఎక్కించడం చట్టప్రకారం నేరం, ప్రమాదం జరిగితే బీమా పరిహారానికీ చిక్కే. చిన్న బండి తేలిక, వెనక నిండు ట్రాలీ దానికన్నా బరువు. కాలువ కట్ట దిగేటప్పుడు ట్రాలీయే బండిని తోసుకుపోతుంది. మీ బండి ఎంత చిన్నదైనా, చేను ఎంత దగ్గరదైనా, మిర్చి కోతకు వచ్చిన కూలీలను ట్రాలీలో ఎక్కించకండి. ఆటో మాట్లాడి పంపండి.